మా అన్నా, మా ఆయనా ఆడిన ఆట

నా పెళ్ళి ధర్మవరంలో, టెన్నిస్ కోర్టు గేటు దగ్గర కుదిరింది. ఆ సమయంలో నేను పెనుకొండ పక్కన మా ఊళ్ళో మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తున్నాను. ఫైనల్ గెలిచిన మా అన్న, ఓడిపోయి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్న మనిషి దగ్గరికి వెళ్ళి, "నెట్టు పక్కన నువ్వేసే ఆ దొంగ బంతి నన్ను చంపుతాండాదప్పా. నువ్వు మా ఇంటి మనిషివైతే దాని మర్మమేందో తెలుసుకోవచ్చు. మాకొక చెల్లెలుండాది" అన్నాడట. ఆ మనిషి, "చూసేదేముండాది, నీ చెల్లెలైతే చాలు" అన్నాడట. ఇది మా అన్న చెప్పే కథ. మా ఆయన చెప్పే కథలో ముందు అడిగింది మా ఆయనే. ఆ విషయంలో కూడా ఇద్దరూ ఒకరికొకరు పాయింటు వదులుకోలేదు.

మాది సేద్యం చేసుకునే ఇల్లు. అమ్మ చిన్నప్పుడే పోతే అవ్వ పెంచింది. అన్న అనంతపురంలో కాలేజీ చదువుతూ టెన్నిస్ నేర్చుకున్నాడు. చదువు పూర్తి కాకముందే నాయన పోయాడు. అన్న పుస్తకాలు అక్కడే ఎవరికో ఇచ్చేసి, చెక్క చట్రంలో బిగించిన ర్యాకెట్ మాత్రం పట్టుకుని ఇంటికొచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకు మా కళ్ళంలో సున్నంతో గీతలు గీశాడు. గోనెసంచులు కుట్టి తాడుకు వేలాడదీస్తే అదే నెట్టు. అవతల నిలబడి బంతులు విసిరేది నేను.

"పంట నూర్చే తావులో ఈ ఆటలేందిరా? లచ్చిమి అలుగుతాది" అని అవ్వ రోజూ తిట్టేది.

"పంట లేనప్పుడే కదవ్వా ఆడేది! మన సీమలో కళ్ళం ఖాళీగా ఉండేదే ఎక్కువ" అనేవాడు అన్న.

బంతులు విసిరీ విసిరీ, తర్వాత ఒక పాత ర్యాకెట్‌తో తిప్పికొట్టీ, ఆట నాకు కంటికి తెలిసిపోయింది. ఏ బంతి చేతికి అందేటట్టు వేశారో, ఏది అందకూడదని వేశారో చెప్పగలిగేదాన్ని. ఆ తెలివి నాకు లేకపోయి ఉంటే బాగుండేదేమోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

పెనుకొండలో ఆఫీసర్ల క్లబ్బుకు ఒక ఎర్రమట్టి కోర్టు ఉండేది. పంచె కట్టుకుని సైకిల్ మీద వెళ్ళి, అక్కడ నిక్కరులోకి మారి ఆడే రైతు మా అన్న ఒక్కడే. ఆఫీసర్లు వచ్చేవాళ్ళు, ఆయన చేతిలో ఓడేవాళ్ళు, బదిలీ అయి వెళ్ళేవాళ్ళు. ఆయనది బలం ఆట. పరుగు, దెబ్బ, మళ్ళీ పరుగు. మడక పట్టి దున్నిన చేతులు కదా.

మా ఆయనది హిందూపురం. బెల్లం, చింతపండు మండీ. వాళ్ళ పెద్దలు మడకశిర వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో సగం మాట కన్నడం, సగం తెలుగు. బెంగళూరులో చదువుకునేటప్పుడు ఆట నేర్చుకున్నాడు. ఆయన పరిగెత్తేవాడు కాదు, ఎదుటివాణ్ణి పరిగెత్తించేవాడు. ఎదుటివాడు వెనక్కి వెళ్ళేదాకా ఊరించి, నెట్టు దాటీ దాటగానే చచ్చినట్టు పడిపోయే బంతి ఒకటి వేసేవాడు. అదే మా అన్న చెప్పిన దొంగ బంతి.

ప్రతి ఏడూ చలికాలంలో ధర్మవరంలో రైలు ఉద్యోగుల క్లబ్బు పోటీ పెట్టేది. చుట్టుపక్కల తాలూకాల నుంచి ఆటగాళ్ళు వచ్చేవాళ్ళు. చివరికి మిగిలేది మాత్రం ఎప్పుడూ వీళ్ళిద్దరే. ఊళ్ళో పట్టుచీరల వ్యాపారస్తులు వెండి కప్పుతోపాటు ఒక చీర ఇచ్చేవాళ్ళు, గెలిచినవాడి ఇంటి ఆడమనిషికని. నా పెళ్ళికి ముందు వచ్చినవి నాకే వచ్చాయి. పెళ్ళయ్యాక అన్న గెలిస్తే వదినకు, మా ఆయన గెలిస్తే నాకు. కోర్టు పక్కన వేపచెట్టు కింద వదినా నేనూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. ఒకే డబ్బాలోంచి చెక్కిలాలు తింటూ, ఎవరి మొగుడు గెలవాలని వాళ్ళం దేవుడికి మొక్కుకునేవాళ్ళం. వదిన పుట్టిల్లు తలుపుల అనే ఊరు. ఆట ముక్క కూడా తెలియదు. బంతి నెట్టుకు తగిలితే చాలు, ఎవరు కొట్టినా సరే, "అయ్యో" అనేది.

ఆట అయ్యాక నలుగురం ఒకే రైలెక్కేవాళ్ళం. ధర్మవరం నుంచి పెనుకొండ దాకా ఆ పెట్టెలో వాళ్ళిద్దరి పోట్లాట వినాలి.

"ఆ మూడో గేములో బంతి గీత మీద పడినాది బావా. నీ కండ్లకు పొర కమ్మినాది."

"సాకప్పా సాకు! గీత ఆడుండాది, బంతి ఈడుండాది" అనేవాడు మా ఆయన. సాకంటే కన్నడంలో చాలని.

పెనుకొండలో అన్నా వదినా దిగిపోతుంటే పెట్టె ఒక్కసారిగా బోసిపోయేది. మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, బండి కదిలేదాకా గీత గురించే అరిచేవాడు. ఇద్దరూ వచ్చే ఏటి కోసం బతికేవాళ్ళని నాకు అప్పుడే తెలుసు. ఒకరు లేని ఆట రెండోవాడికి అక్కరలేదు.

పంతొమ్మిదివందల అరవైల నడుమ, ఒక ఉదయం అన్న చెప్పాపెట్టకుండా హిందూపురంలో మా ఇంటికి వచ్చాడు. మా ఆయన మండీకి వెళ్ళిపోయి ఉన్నాడు. అన్న బెంగళూరు బండి దిగి వస్తున్నానన్నాడు. కాఫీ ఇస్తే లోటా రెండు చేతులతో పట్టుకున్నాడు. వీధి నుంచి మా గడప దాకా నడిచినందుకే ఆయాసపడుతున్నాడు.

"గుండెలో తలుపొకటి సరిగ్గా మూసుకోలేదంట పాపా" అన్నాడు. "చిన్నప్పుడు కీళ్ళ జ్వరమొచ్చి నెల పండుకున్యా కదా, అది చేసిన పనంట. పెనుకొండ డాక్టరు పంపిస్తే బెంగళూరులో చూపించుకున్యా."

"మందులిచ్చినారా?"

"ఇచ్చినారు. ఇంగ ర్యాకెట్ ముట్టుకోవద్దన్నారు."

"ముట్టుకోవద్దన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఈ ఏడొక్కటి ఆడతా. పోయినేడు మీ ఆయన గెల్చినాడు. ఓడిపోయిన ఆటతో మానుకునేదా?" లోటా కింద పెట్టాడు. "బావకు చెప్పొద్దు. చెప్తే ఆడడు. ఆడినా నిజంగా ఆడడు. మీ వదినకూ చెప్పలేదు నేను, ఏడుస్తాదని. నీకు మాత్రమే చెప్తాండా. నా మీద ఒట్టెయ్యి."

నేను వెయ్యనన్నాను. ఆయన నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. వెంట్రుకలు చెమటతో తడిసి ఉన్నాయి. ఒట్టు వేశాను.

ఆ తర్వాత మా ఇంట్లో రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. ఫైనల్‌కు ముందు మా ఆయన తెల్లవారుజామునే లేచి హిందూపురం క్లబ్బుకు వెళ్ళి ఆడి వచ్చేవాడు. ఆ ఏడు వెళ్ళలేదు. అడిగితే, బెల్లం బండ్లు దిగే కాలమన్నాడు. ప్రతి ఏడూ దిగేవే కదా అని నేను అనలేదు. ఆయన ఆడకుండా ఉంటే మంచిదే అనిపించింది. ఒకరోజు అన్నం తింటూ తల ఎత్తకుండా అడిగాడు.

"మీ అన్న యెట్లుండాడు?"

"బాగుండాడు" అన్నాను.

"అవునా" అన్నాడు. నేను చారు వడ్డించాను. సగం విస్తరి పక్కన ఒలికింది. ఆయన అది కూడా చూశాడు, చూడనట్టు తిన్నాడు.

ముందు ఆటలు అన్న పెద్దగా పరిగెత్తకుండా దెబ్బ బలంతోనే నెగ్గుకొచ్చాడు. ఫైనల్ రోజు వదిన చాప మీద నా పక్కన కూర్చుంది. డబ్బా మూత తియ్యలేదు. నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి మంచులా ఉంది. ఏమీ తెలియని మనిషే ఇంత భయపడుతోందంటే ఆడవాళ్ళకు కీడు ముందే తోస్తుందేమోనని అనుకున్నాను.

మొదటి సెట్టు అన్న గెలిచాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. బంతులు ఎక్కడ పడుతున్నాయో చూస్తున్నాను. అన్న కుడిచేతి వైపు నిలబడితే బంతి కుడిచేతికే వస్తోంది. ఎడమకు జరిగితే ఎడమకే వస్తోంది. మా ఆయన ఒక్కసారి కూడా ఆయన్ని పరిగెత్తించలేదు. కళ్ళంలో నేను అన్నకు విసిరిన బంతులు అట్లాగే ఉండేవి.

రెండో సెట్టు నడుమ అన్న గీతకు చాలా వెనక ఉండిపోయాడు. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. బంతి నెట్టు దగ్గర, మా ఆయన ర్యాకెట్ ముందుకే మెల్లగా వచ్చింది. దొంగ బంతి వెయ్యడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. మా ఆయన దాన్ని పొడుగ్గా కొట్టి అన్న చేతిలోకి పంపాడు.

అన్న దాన్ని కొట్టలేదు. పక్కనుంచి పోనిచ్చాడు.

"వెయ్యి బావా" అని అరిచాడు. "నీ దొంగ బంతి వెయ్యి!"

మా ఆయన తల వంచుకుని సర్వీసుకు వెళ్ళాడు. ఈసారి అన్న కావాలనే వెనక్కి వెళ్ళి నిలబడి, కావాలనే మెత్తగా ఒక బంతి తిప్పికొట్టాడు. మళ్ళీ అదే. బంతి పొడుగ్గా, మర్యాదగా, నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది. అన్న ర్యాకెట్ దించి, బంతిని చేత్తో పట్టుకున్నాడు.

నెట్టు దగ్గరికి నడిచి వచ్చాడు. ఆయన అడిగిన మాట మా చాప దాకా వినపడింది.

"యెవరు చెప్పినారు?"

మా ఆయన తన ర్యాకెట్ వైపే చూస్తూ నిలబడ్డాడు. అబద్ధమాడటం చేతకాదు ఆయనకు, ఆటలో తప్ప.

అన్న తల తిప్పి వేపచెట్టు వైపు చూశాడు. చాప మీద ఇద్దరం ఉన్నాం. ఆయన నా ఒక్కదాన్నే చూశాడు. నాకు మాత్రమే చెప్పాడు కదా. ఆ చూపులో కోపం ఉండి ఉంటే ఓర్చుకునేదాన్ని. మోసపోయిన పిల్లవాడిలా చూశాడు.

ర్యాకెట్‌ను నెట్టు గుంజకు ఆనించి, అట్లాగే స్టేషన్ వైపు నడిచి వెళ్ళిపోయాడు. వదిన చెప్పులు కూడా వేసుకోకుండా వెనక పరిగెత్తింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఎందుకు చూసిందో అప్పుడు నాకు తెలియలేదు. ఆట నడిపించే పెద్దమనిషి మా ఆయన గెలిచినట్టు ప్రకటించబోతే, మా ఆయన వద్దని చెయ్యి ఊపాడు. కప్పూ చీరా బల్ల మీదే ఉండిపోయాయి.

హిందూపురం వెళ్ళే బండిలో మేమిద్దరమే ఎదురెదురుగా కూర్చున్నాం. అన్నా వదినా ముందు బండికే వెళ్ళిపోయారు.

"నువ్వు చెప్పినావనుకుంటాండాడు" అన్నాడు మా ఆయన, పెనుకొండ దాటాక. "చెప్పింది మీ వదిన."

నేను ఆయన మొహంలోకి చూశాను.

"పొలంలో ఆయాసపడేది చూసి, పెనుకొండ డాక్టరు తావకు పోయి అడిగిందంట. ఆ పొద్దే బస్సెక్కి మా మండీకి వచ్చినాది. బెల్లం దిమ్మెల మధ్యలో నా కాళ్ళ మీద పడినాది. 'అన్నా, నా పసుపుకుంకుమలు నీ చేతిలో ఉండాయి. ఆయప్పను పరిగెత్తించొద్దు' అనింది. నీకు కూడా చెప్పొద్దంటే మాటిచ్చినా. నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నా చేత ఒట్టేయించుకున్నాడు."

ఇద్దరం ఒకే విషయాన్ని ఒకే ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం. నవ్వొచ్చే సంగతే. మా ఆయన కిటికీ వైపు తిరిగి భుజాలు కదులుతుండగా ఏడ్చాడు. ఆయన ఏడవడం అంతకుముందు నేను చూడలేదు.

మరుసటి రోజే పోయి అన్నకు నిజం చెప్పేద్దామన్నాడాయన. నేను వద్దన్నాను. మా అన్న మొండితనం ఆయనకు ఆటలోనే తెలుసు, నాకు ఇంట్లో తెలుసు. తన పెళ్ళాం మండీలో నలుగురి ముందర ఇంకొకడి కాళ్ళు పట్టుకుని, తన గెలుపు అడుక్కొచ్చిందని తెలిస్తే మా అన్న ఆమె చేతి అన్నం తినడు. తలుపులకు, పుట్టింటికి పంపించేస్తాడు. అప్పుడు మందులిచ్చేదెవరు? నేను ఇంకో ఇంటిదాన్ని, ఇంకో ఊళ్ళో ఉన్నదాన్ని. నా మీద కోపం ఆయనకు అంత దూరాన ఉంటుంది. వదిన మీద కోపమైతే ఒకే కప్పు కింద ఉంటుంది. గుండె బాగాలేని మనిషికి అది మంచిది కాదు. అంత ఆలోచించే చెప్పానా అంటే, ఆ బండిలో అంత ఆలోచించలేదు. వదిన వెనక్కి తిరిగి చూసిన చూపు గుర్తొచ్చింది, అంతే.

అన్న మా ఇంటికి రావడం మానేశాడు. నేను ఊరికి వెళ్తే పొలానికి వెళ్ళిపోయేవాడు, నేను తిరుగు బస్సెక్కేదాకా వచ్చేవాడు కాదు. అవ్వ నన్ను పట్టుకుని, "ఏం జరిగినాదే మీ ఇద్దరికీ?" అని అడిగీ అడిగీ, జవాబు తెలియకుండానే పోయింది. అవ్వ చావులో కూడా అన్న నాతో మాట్లాడలేదు. పక్కపక్కనే కూర్చుని ఏడ్చాం.

మా పుట్టింటి చింతపండు ఎప్పుడూ మా ఆయన మండీకే వచ్చేది. ఆ తర్వాతి వేసవిలో అన్న బండి మా మండీ ముందు నుంచే ఇంకొకరి మండీకి వెళ్ళిపోయింది. మా ఆయన వాకిట్లోకొచ్చి నిలబడి, ఆ ఎడ్లు వీధి మలుపు తిరిగేదాకా చూశాడట. ఇంటికొచ్చి, "కాయ బాగుండాది ఈ ఏడు" అని మాత్రం అన్నాడు.

ధర్మవరం నుంచి పోటీకి రమ్మని కబురు వస్తే, "ఆ పక్క యెవరుండారని?" అనేవాడు. క్లబ్బుకూ వెళ్ళలేదు. ఒళ్ళు చేశాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవాడు. అన్న ఒక్కడే దూరమయ్యాడనుకున్నాను. ఇంట్లో ఈయనా సగం పోయాడు.

అన్న అట్లా కొన్నేళ్ళు బతికాడు. ర్యాకెట్ ముట్టుకోలేదు కాబట్టే బతికాడని డాక్టరు అన్నాడట. ఒక ఎండాకాలం వదిన మనిషిని పంపింది. "పాపను ఒకసారి చూడాలంటాండాడు, బావను కూడా" అని కబురు. నేను కట్టుకున్న చీరతోనే బయల్దేరాను. మా ఆయన మండీ మూసి వెంట వచ్చాడు.

అన్న మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ళు ఉబ్బి ఉన్నాయి, మొహం పీక్కుపోయింది. నన్ను చూసి తల ఊపాడు. మా ఆయన గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఆడే నిలబడితే యెట్ల బావా? ముందుకు రా. నువ్వెప్పుడూ నెట్టు తావుకొచ్చే ఆటగాడివి కదా" అన్నాడు అన్న.

మా ఆయన వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు వానల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత అన్న అడిగాడు.

"ఒకటి చెప్పు. ఆ పొద్దు నువ్వు నిజంగా ఆడింటే యెవరు గెలుస్తాంటిమి?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆయన మళ్ళీ అన్న వైపు తిరిగాడు.

"నేనే" అన్నాడు. "ఎడమ పక్కకు నీ కాళ్ళు ఆడ్తాలేదు. రెండు సెట్లలో అయిపోతాండె. నీకు మూడు గేములొచ్చింటే ఎక్కువ."

అన్న మొహం ఒక్కసారిగా వెలిగింది. ఆ వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో! "అట్ల చెప్పు!" అని దిండు మీద చేత్తో కొట్టాడు. "మూడు కాదప్పా, నాలుగొస్తాండె. ఆ మూడో గేము నీకిస్తాననుకుంటివా?" నవ్వబోతే దగ్గు వచ్చింది. మా ఆయన వీపు నిమురుతూ, "సరే బావా, నాలుగు" అన్నాడు. "జాలితో ఇయ్యొద్దు!" అన్నాడు అన్న దగ్గుతూనే. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

వదిన రాగి గంజి లోటాతో వచ్చి వాకిట్లో నిలబడింది.

అప్పుడు అన్న నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు.

"నువ్వు చెప్పకుండా ఉండింటే బాగుండు పాపా. ఇంగొక్క ఆట నిజంగా ఆడింటా. సరేలే. భయమేసి చెప్పింటావు. నేనేమీ మనసులో పెట్టుకోలేదు."

వదిన గడప దాటి లోపలికి వచ్చింది. ఆమె నోరు తెరిచింది. నేను లేచి ఆమెకు అడ్డంగా వెళ్ళి, చేతిలోంచి లోటా తీసుకున్నాను. "అవునన్నా, భయమేసి చెప్పినా" అన్నాను. గంజి నేనే తాగించాను. సగం తాగి చాలన్నాడు.

వారం తిరక్కముందే పోయాడు. మా ఆయన పాడె ముందు కొమ్ము పట్టాడు. దారిలో ఎవరో భుజం మార్చుకుంటామంటే ఇవ్వలేదు.

కర్మ రోజు బంధువులందరూ భోజనాలకు లేచాక వదిన నన్ను పశువుల కొట్టం వెనక్కి తీసుకెళ్ళింది. "నేను చెప్పేద్దామనుకుంటి. నువ్వు యాల అడ్డమొస్తివి?" అని అడిగింది.

"అన్న నిమ్మళంగా ఉన్నాడు కదా వదినా. ఆ కాస్తసేపు చెడగొట్టడం యాల?"

"నిన్ను ఒట్టు తప్పినదానివనుకునే పోయినాడే!" అని నా భుజం మీద తల పెట్టి పెద్దగా ఏడ్చింది. భోజనాల దగ్గరున్నవాళ్ళు మొగుడి కోసమే ఏడుస్తోందనుకున్నారు. నేను ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. అది తర్వాత, ఇంటికి వెళ్ళాక, ఊరికే కూరగాయలు తరుగుతున్నప్పుడు వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు అట్లాగే, పనుల మధ్యలో వచ్చిపోతూ ఉండేది.

అన్న నన్ను కోప్పడి పోయి ఉంటే నేనూ ఆయన మీద కోపం పెట్టుకునేదాన్ని. చెయ్యని తప్పుకు నన్ను క్షమించి పోయాడు. ఆ క్షమను తిరిగి ఇచ్చేద్దామంటే ఆయన లేడు.